కంచెలు లేని లాక్స్టన్ పొలాలు: సాగుతున్న సేద్యమా, కాపాడిన ప్రదర్శనా?

పాతపటాలు:
ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న లాక్స్టన్ అనే చిన్న ఊళ్లో, కంచెలు లేని పెద్ద పొలాలను రైతులు సన్నని చెక్కలుగా పంచుకుని దున్నే మధ్యయుగపు సేద్యం నేటికీ సాగుతోందని తరచూ చెబుతారు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు. 1635లో మార్క్ పియర్స్ తయారు చేసిన లాక్స్టన్ పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దున్నేవారు, పశువులతో సహా అందులో కనిపించే సన్నని చెక్కలకూ నేటి పొలాలకూ పోలిక తక్కువే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ ఆ చెక్కలను కలిపి పెద్దవి చేయించాడు. 1952లో ఈ పద్ధతి నిలవాలనే ఊరిని ప్రభుత్వ వ్యవసాయ శాఖకు అమ్మారు. ప్రభుత్వం పూనుకుని నిలబెట్టినదాన్ని ప్రదర్శన అనక ఏమంటాం?

గట్టుగడ్డి:
పాతపటాలు గారూ, మీరు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి మీరు తేల్చినదానితోనే ఉంది. చెక్కల కొలతలు మారితే పద్ధతి చచ్చిపోయినట్లు కాదు. ఆ పద్ధతికి ప్రాణం కొలతల్లో కాక, పొలం మీద ఊరికున్న అధికారంలో ఉంది. వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అనే మూడు పెద్ద పొలాల్లో ఒకటి గోధుమకు, ఒకటి వసంతకాలపు పైరుకు, ఒకటి పడావుకు వంతులవారీగా వదలాలి కాబట్టి, తన చెక్కలో ఏం వేయాలో ఏ రైతూ ఒంటరిగా నిర్ణయించుకోలేడు. చలికాలం మొదట్లో ఊరి రైతులనుంచే ఎంచిన జ్యూరీ గోధుమ చల్లిన పొలమంతా నడిచి చూస్తుంది; హద్దు చెరిగిన చోట కొయ్యమేకులు దిగ్గొడుతుంది; చెక్కల నడుమా అంచులనా ఉమ్మడిగా వదిలిన గడ్డిపట్టీలోకి ఎవరి నాగలైనా జొరబడిందేమో చూసి రాసుకుంటుంది. ఆ తరువాత ఊరి డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు లీట్ అనే పాతకాలపు ఊరి న్యాయసభ కూర్చుని జరిమానాలు వేస్తుంది. జరిమానా కొద్ది సొమ్మే కావచ్చు, కానీ గట్టు నరికినవాడిని సాటి రైతులే పదిమందిలో నిలదీస్తే ఎలా ఉంటుందో సేద్యం ఎరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ప్రదర్శనశాలలో గట్టు తగాదాలు రావు.

ఇంకొక సంగతి. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఇంగ్లండు ఉమ్మడి పొలాలు విడివిడి సొంత కమతాలై కంచెలు పడుతుంటే, లాక్స్టన్‌లోనూ కొంత భూమి కంచెల్లోకి పోయింది. మిగిలిన భూమి తప్పించుకోవడానికి ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరకపోవడం ఒక కారణమని చెబుతారు. అదే నిజమైతే దాన్ని మొదట నిలిపింది సర్కారు దయ కాదు, దొరల పంతం!

పాతపటాలు:
జ్యూరీ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. దాన్ని ప్రదర్శన అనడం తొందరపాటే. అయితే ఆ జ్యూరీలో కూర్చునేవారు ప్రధానంగా కౌలుదారులని మరవకండి. ఊరు 1981లో బ్రిటిష్ రాచరికపు భూములను చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికి, 2020లో మళ్లీ మాన్వర్స్ వారసుల థోర్స్‌బీ ఎస్టేట్‌కు మారింది. మేకు ఎక్కడ దిగాలో రైతు చెప్పగలడు గాని, భూమిని ఎవరికి అమ్మాలో చెప్పలేడు. ఊరి అధికారం అంటున్నారే, దాని హద్దు అంతవరకే.

గట్టుగడ్డి:
ఆ హద్దు 1635లోనూ అక్కడే ఉంది. ఆ పటాన్ని గీయించింది రైతులు కాదు, భూస్వామి.