అప్‌డేట్: అమ్మతో పెట్రా వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో జోర్డాన్‌లోని పెట్రా అనే పురాతన రాతి నగరం చూడటానికి ఒక్కరోజు సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. చాలదు, రెండు రోజులు పెట్టుకోండి. జోర్డాన్ పాస్ (పెట్రా లాంటి చోట్ల టికెట్లు, వీసా ఫీజు మినహాయింపు కలిపి పర్యాటకులకు ఇచ్చేది) ముందే కొని, దేశంలో మూడు రాత్రులకు పైగా ఉన్నాం కాబట్టి వీసా ఫీజు పడలేదు.

సిక్ అనే ఇరుకు లోయ దారి సుమారు 1.2 కి.మీ. అమ్మ ఎలక్ట్రిక్ బండిలో ఆ దారి చివర కొండరాతిలో చెక్కిన ఖజానా అనే కట్టడం దాకా వచ్చేసింది. నేను నడిచాను. గోడల వెంబడి, పెట్రాను కట్టిన నబాతియన్లు రాతిలో తొలిచిన నీటి కాలువలు బండిలో వెళ్తే సరిగ్గా కనబడవు. ఎడారిలో అంత ఊరు బతికింది ఆ నీటి ఏర్పాట్ల వల్లే. నాకైతే ఖజానా కంటే అవే నచ్చాయి!

కొండ మీద మొనాస్టరీ అనే మరో రాతి కట్టడానికి 800 పైచిలుకు మెట్లు. రెండో రోజు పొద్దున్నే ఒక్కడినే ఎక్కాను. గాడిద మీద తీసుకెళ్తామని వెంటపడతారు కానీ, ఆ మెట్ల మీద అమ్మను ఎక్కించాలంటే టెన్షనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.