థీసిస్ ఇచ్చేశాను, వైవా కాలేదు. పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి, ఇప్పుడే రాయొచ్చా?

పాలపిట్ట:
హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, వరి బాక్టీరియా ఎండాకు తెగులు మీద. థీసిస్ సబ్మిట్ చేశాను, ఎగ్జామినర్ల రిపోర్టులు ఇంకా రాలేదు. పాపకి మూడేళ్ళు. మావారు ఎక్కడికైనా సరే అంటున్నారు. అత్తయ్యగారేమో "డాక్టరయ్యాక మళ్ళీ చదువేంటమ్మా" అంటున్నారు (మీ ఇళ్ళల్లో కూడా ఇంతేనా?). యూరప్ ప్రొఫెసర్లకి మెయిల్స్ పెడుతుంటే ఒక్కరూ పలకట్లేదు. నేను రాసేది ఇదీ: "గౌరవనీయులైన ప్రొఫెసర్‌గారికి, మీ ప్రతిష్ఠాత్మక ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ ఖాళీ ఉంటే తెలుపగలరు. సీవీ జతచేశాను." వైవా అయ్యేదాకా ఆగాలా?

రైన్ ఒడ్డు:
ఆగకండి. ఆ మెయిల్ మాత్రం వద్దండీ, అందులో వరి అన్న మాటే లేదు! నేనిక్కడ జర్మనీలో, మొక్కల ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌ని. మా బాస్‌కి ఇలాంటివి వస్తూనే ఉంటాయి, తెరవనైనా తెరవరు.

మీ చేతిలో సరుకుంది. ఈ తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరి వరిలో పెట్టిన మూడు జన్యువుల్లో ఎక్స్‌ఏ13 అంటే, చక్కెరను కణాల బయటికి పంపే స్వీట్11 జన్యువు ప్రమోటర్‌లో (దాన్ని ఆన్ చేసే స్విచ్ లాంటి భాగంలో) వచ్చిన మార్పే కదా. అలాంటి స్వీట్ ప్రమోటర్లనే జీనోమ్ ఎడిటింగ్‌తో మార్చి తెగులును ఆపే పనిలో ఇక్కడి డ్యూసెల్‌డార్ఫ్ యూనివర్సిటీ వాళ్ళున్నారు. "మా పొలాల బాక్టీరియా రకాలతో (స్ట్రెయిన్లతో) పనిచేశాను, వాటిలో ఏవి మీ మొక్కల్ని లొంగదీస్తాయో చూడాలనుంది" అని మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి.

ఖాళీ ఉందా అనీ అడక్కండి. ఖాళీ ఉండాలంటే వాళ్ళ గ్రాంటులో డబ్బుండాలి. "హంబోల్ట్‌కి అప్లై చేస్తాను, హోస్ట్‌గా ఉంటారా" అంటే వాళ్ళు ఒప్పుకోవడం తేలిక. హంబోల్ట్ అంటే జర్మనీ ఫౌండేషన్ ఇచ్చే ఫెలోషిప్, డబ్బు వాళ్ళదే. దానికి పీహెచ్‌డీ అయిన 4 ఏళ్ళలోపు పెట్టుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి గడువు సెప్టెంబర్‌లో ముగుస్తుంది. పట్టా చేతికి రాకపోయినా పర్లేదుగానీ ఆ తేదీకి వైవా అయిపోయి ఉండాలి. రిపోర్టుల కోసం ఎగ్జామినేషన్ సెక్షన్ చుట్టూ తిరగాల్సింది ఇప్పుడేనండీ. మొక్కల పరిశోధనకి పేరున్న బ్రిటన్ ఊరు నార్విచ్ మీద మనసుంటే అక్కడికీ మేరీ క్యూరీ పెట్టొచ్చు, 2024 నుంచి బ్రిటన్ మళ్ళీ అందులో ఉంది.

తార్నాక రావు:
అమ్మా, ఇక్కడి ఎన్‌పీడీఎఫ్‌ని, అంటే కేంద్రం ఇచ్చే నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌ని, కూడా వదలొద్దు. పరిశోధనలకి డబ్బిచ్చే సంస్థ సెర్బ్ పోయాక, దాని స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ ఇప్పుడు చూస్తోంది. రెండేళ్ళు ఇస్తారు. వయసు 35 లోపు, ఆడవాళ్ళకి ఇంకో 5 ఏళ్ళ సడలింపు. వేరే ఊరి ల్యాబ్ ఎంచుకో. పీహెచ్‌డీ చేసిన చోటే పాతుకుపోతే రేపు ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో అదే మొదటి ప్రశ్న.

పాలపిట్ట:
థాంక్సండీ ఇద్దరికీ. ఇంకో చిక్కుంది. గైడ్‌గారు "రిఫరెన్స్ లెటర్ నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటున్నారు.

రైన్ ఒడ్డు:
మామూలే! లెటర్ కాకుండా ఒక పేజీ పాయింట్లు ఇవ్వండి: ఏ ప్రయోగం మీరొక్కరే నిలబెట్టారు, ఏ పేపర్లో మీ వంతెంత, ఎవరికి పని నేర్పారు. వాక్యాలు ఆయన్నే రాయమనండి. కవర్ లెటరూ రిఫరెన్సూ ఒకే మనిషి రాసినట్టుంటే ఇట్టే పట్టేస్తారు. హంబోల్ట్‌లో వెంట వచ్చే భర్తకీ పిల్లలకీ అలవెన్సు ఉంటుంది, అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి. ఊరు ఖాయం కాగానే పాప పేరు కిటాలో, అంటే ఇక్కడి డే-కేర్‌లో, రాయించేయండి. వెయిటింగ్ లిస్టులు చాంతాడంత.