కావాలని చెడగొట్టిన సినిమాకు ‘కల్ట్’ పేరు దక్కాలా?

బెంచీ టికెట్:

మొన్న శనివారం రాత్రి నలుగురు మిత్రులం కూర్చుని ముందు చెత్త సినిమాగా పేరుబడ్డ అమెరికన్ చిత్రం ‘ది రూమ్’ (2003), దాని వెంటనే ‘హృదయ కాలేయం’ (2014) చూశాము. రెండింటికీ కడుపుబ్బ నవ్వాము కానీ, మరునాడు తీరికగా ఆలోచిస్తే ఆ రెండు నవ్వులూ ఒక జాతివి కావనిపించింది.

‘ది రూమ్’కు రచన, నిర్మాణం, దర్శకత్వం, కథానాయక పాత్ర అన్నీ టామీ వైజోవే. ఆయన అద్దెకు దొరికే కెమెరాలను కాదని సొంతంగా కొనుక్కున్నాడు. ఫిల్మ్ కెమెరాను, డిజిటల్ కెమెరాను పక్కపక్కన బిగించి ప్రతి దృశ్యాన్నీ రెండింటితోనూ తీశాడు. ఆస్కార్ అర్హత కోసం లాస్ ఏంజెలిస్‌లో రెండు వారాలు ఆడించి, నగరంలో తన ముఖంతో పెట్టించిన హోర్డింగును ఏళ్ల తరబడి అలాగే ఉంచాడు. తాను గొప్ప విషాద నాటకం తీస్తున్నానని మనసారా నమ్మిన మనిషి చేసే పనులివి. ఇంటి హాలులో చెంచా బొమ్మ ఉన్న ఫొటో ఫ్రేము కనబడినప్పుడల్లా ప్రేక్షకులు తెరవైపు ప్లాస్టిక్ చెంచాలు విసురుతారు. అలాంటి ఆచారాన్ని ఏ దర్శకుడూ ముందుగా స్క్రిప్టులో రాసుకోలేడు.

‘హృదయ కాలేయం’లో అలా కాదు. ప్రతి తప్పూ లెక్క ప్రకారం పెట్టిన తప్పే. దర్శకుడు సాయి రాజేశ్ ‘స్టీవెన్ శంకర్’ అని పేరు వేసుకోవడంలోనూ, సంపూర్ణేష్ బాబుకు ‘బర్నింగ్ స్టార్’ బిరుదు తగిలించడంలోనూ ఆ లెక్క తెలుస్తూనే ఉంటుంది. ఇది మంచి పేరడీ అని నేనూ ఒప్పుకుంటాను. అయితే కల్ట్ అనేది, అంటే కొందరు అభిమానులు పదే పదే చూస్తూ తమ సొంత ఆచారాలతో నిలబెట్టుకునే సినిమా అనే పేరు, చూసినవారు కట్టుకునేదే తప్ప తీసినవారు కట్టి ఇచ్చేది కాదని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో చెప్పగలరు.

రీలు డబ్బా:

బెంచీ టికెట్ గారూ, మీ కొలబద్ద మొదటి మెట్టు మీదే విరిగిపోతుందండీ. ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ 1975లో విడుదలైనప్పుడు ఆడలేదు. 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్ అర్ధరాత్రి ఆటలుగా వేయడం మొదలుపెట్టాక జనం పాత్రల వేషాలు కట్టుకుని వచ్చి, తెరతో పాటు తామూ మాటలు పలకడం ఆనవాయితీ అయింది. కల్ట్ సినిమా అనగానే లోకం ముందుగా చెప్పే ఉదాహరణ అదే. కానీ అది పాత చవక భయానక చిత్రాలకూ, గ్రహాంతరవాసుల చిత్రాలకూ తెలిసి తెలిసి తీసిన పేరడీ. తీసినవారి ఉద్దేశమే గీటురాయి అయితే ముందు దాన్ని జాబితాలోంచి కొట్టివేయాలి.

పైగా, జనం నవ్వడం మొదలుపెట్టాక వైజో కూడా తాను తీసింది బ్లాక్ కామెడీ (చేదు విషయాల మీద కావాలని చేసే హాస్యం) అనే చెప్పుకున్నాడు. ఆ మాట నమ్మితే మీ ‘ది రూమ్’ కూడా పోతుంది.

‘హృదయ కాలేయం’ విషయానికి వస్తే, తొడ కొడితే సుమోలు గాల్లోకి లేచే సినిమాలను ఏళ్ల తరబడి చూసిన ప్రేక్షకులం మనం. ఏ సినీ కుటుంబానికీ చెందని, కథానాయకుడి రూపురేఖలు లేవని అందరూ అనే ఒక మనిషి అవే పోజులు ఇస్తుంటే, నేను చూసిన హాలులో కాగితాలు చింపి ఎగరేశారు. వారు సంపూర్ణేష్‌ను చూసి నవ్వలేదు, అంతకు ముందు అవే పోజులకు ఈలలు వేసిన తమను చూసుకుని నవ్వుకున్నారు. కల్ట్‌కు అంతకంటే ఏం కావాలి?

ఎడిటింగ్ టేబుల్:

ఇద్దరూ ఉద్దేశం గురించే వాదిస్తున్నారు కాబట్టి డబ్బు సంగతి నేను ఎత్తుతాను. లఘుచిత్రాలకు కూర్పు చేసే పనిలో ఉన్నందువల్ల, చవక సినిమా అంటే చెత్త సినిమా అనే ధ్వని ఎక్కడ వినబడినా నాకు కొంచెం మంటగా ఉంటుంది.

‘ది రూమ్’ చవక సినిమా కానే కాదు, దానికి 60 లక్షల డాలర్ల వరకు ఖర్చయిందని చెబుతారు. అందులో దాదాపు యాభయ్యో వంతు, అంటే సుమారు 1,14,000 డాలర్లతో జార్జ్ రొమేరో 1968లో విడుదలైన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే భయానక చిత్రాన్ని పిట్స్‌బర్గ్ పరిసరాల్లో తీశాడు. నలుపు తెలుపుల్లో తీశారు గనుక చాక్లెట్ పాకమే నెత్తురుగా సరిపోయింది, కథ చాలావరకు ఒక పొలంలోని ఇంట్లోనే నడిచింది. లోపల చిక్కుకున్నవారి ఉక్కిరిబిక్కిరికి ఆ ఇరుకే కారణమైంది. పేదరికం అక్కడ శిల్పంగా మారింది.

దర్శకుడు ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’లో అదే పేదరికం అలా మారలేదు. అందులోని నటుడు బేలా లుగోసీ 1956లో చనిపోగా, ఆయన మీద అంతకుముందు తీసిన కొద్దిపాటి ఫిల్మును వాడుకుని, మిగతా దృశ్యాలకు ఏమాత్రం పోలిక లేని మరొకరిని తెచ్చి భుజాల మీది కేప్‌ను ముఖానికి అడ్డంగా పట్టుకోమన్నారు. నేనూ నవ్వుతాను. అయితే నవ్వుతున్నది డబ్బు లేనందుకా, చేతకానందుకా అని ప్రతిసారీ నన్ను నేను అడుగుతాను.

మహారాష్ట్రలోని మాలేగావ్ మరమగ్గాల కార్మికులు సినిమా తీస్తున్న తీరు మీద 2008లో వచ్చిన ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్’ అనే డాక్యుమెంటరీని దయచేసి చూడండి. అందులో సైకిలే ట్రాలీ, ఎడ్లబండే క్రేను. అక్కడి దర్శకుడు నాసిర్ షేక్ బృందం తీస్తున్నదీ పేరడీయే, కావాలని నవ్వించేదే. అయినా వారి పనిలో నిర్లక్ష్యం మచ్చుకైనా కనబడదు. మన దగ్గర ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఆ విశాఖ పేటలోని మనుషులనే తీసుకుని, వారి మాటను ఉన్నచోటే రికార్డు చేసింది. అది చవకగా తయారైనందుకు దాన్ని ఎవరైనా ఎగతాళి చేశారా? కాబట్టి ప్రశ్నను మార్చండి. తక్కువ డబ్బుతో తీసినది, ఓపిక లేకుండా తీసినది అనే తేడాను మీరు తెర మీద గుర్తుపట్టగలరా?

గుల్జార్‌హౌజ్ చాయ్:

నాది చిన్న మాట. విడుదలైన వారానికే పోస్టరు మీద కల్ట్ అని వేసుకునే ఈ రోజుల్లో ఆ పదాన్ని ఎవరికి ఇవ్వాలనే బెంగే అనవసరం. అప్పట్లో ఆడని ‘ఆరెంజ్’, ‘ఖలేజా’ రీ రిలీజులకు హాళ్లు నిండితే వాటినీ కల్ట్ అంటున్నారు, పెద్ద హీరో అభిమానులకు తోడు పాటలు కూడా ఉన్నప్పుడు హాలు నిండడంలో వింతేముంది?

మా హైదరాబాదులో ‘ది అంగ్రేజ్’ అనే సినిమా ఉంది. దక్కనీ మాటతో, పేరున్న తారలెవరూ లేకుండా, చేతి నుంచి చేతికి తిరిగిన సీడీల మీద బతికింది. అందులోని ఇస్మాయిల్ భాయ్ పాత్ర ఎలా మాట్లాడుతుందో పాతబస్తీలో ఏ హోటలు బల్ల దగ్గర అడిగినా అనుకరించి చూపిస్తారు. నన్నడిగితే కల్ట్ అంటే అదీ.

బెంచీ టికెట్:

రీలు డబ్బా గారూ, ‘రాకీ హారర్’ దెబ్బకు నా మొదటి వాదం నిలవదు, ఒప్పుకుంటున్నాను. తీసినవారి ఉద్దేశాన్ని పక్కన పెడతాను. ఎడిటింగ్ టేబుల్ గారి ప్రశ్నకు మాత్రం, గుర్తుపట్టగలనని ధైర్యంగా చెప్పలేను. రొమేరో చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు ఆ చీకటినంతా చేతకానితనం కింద జమ కట్టినవాణ్ణే నేను.

అయినా ఒక పట్టు మాత్రం వదలను. శనివారం మాలో ఒకడికి ఇరవై రెండేళ్లు. సుమోలు లేచే కాలపు సినిమాలను వాడు పెద్దగా చూడలేదు. ‘ది రూమ్’లో నలుగురు పెళ్లి సూట్లు వేసుకుని ఏ కారణమూ లేకుండా సందులో బంతి విసురుకుంటుంటే పొట్ట పట్టుకున్నవాడు, ‘హృదయ కాలేయం’ సగంలో ఫోను తీశాడు. వెక్కిరించిన వస్తువు మరుగున పడ్డాక పేరడీ ఎంతకాలం నిలుస్తుంది?

రీలు డబ్బా:

అర్ధరాత్రి ఆటలకు వేషాలు కట్టుకుని వెళ్లేవారిలో ‘రాకీ హారర్’ వెక్కిరించిన ఆ పాత సినిమాలను చూసినవారు ఎందరుంటారండీ? వాటిని చూడకుండానే వారు మాటలన్నీ వల్లె వేశారు. మీ కుర్రవాడిని ఇంట్లో సోఫాలో నలుగురి మధ్య కాకుండా, ఈసారి ఎక్కడైనా ‘హృదయ కాలేయం’ ప్రత్యేక ప్రదర్శన వేస్తే నిండిన హాలులో కూర్చోబెట్టండి. అప్పుడు కూడా ఫోను తీస్తే వచ్చి ఇక్కడే రాయండి, ఓడిపోయానని నేను రాస్తాను.