‘ది వీల్ ఆఫ్ టైమ్’: ఎనిమిది, తొమ్మిది, పది సంపుటాలను దాటవేయవచ్చా?

కొత్త చదువరి:

అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ధారావాహిక మూడు సీజన్లతోనే 2025లో ఆగిపోవడంతో, మిగిలిన కథ తెలుసుకోవాలని దానికి మూలమైన రాబర్ట్ జోర్డాన్ ఫాంటసీ నవలలను మొదటి నుంచి పట్టుకున్నాను. ఏడవ సంపుటం ‘ఎ క్రౌన్ ఆఫ్ స్వోర్డ్స్’ నిన్న పూర్తయింది. ఇక్కడి నుంచి మూడు సంపుటాల పాటు కథ నత్తనడక నడుస్తుందని, సారాంశాలు చదువుకుని నేరుగా పదకొండవ సంపుటానికి వెళ్లడమే మేలని మా అన్నయ్య అంటున్నాడు. పూర్తిగా చదివినవారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. కథ ముందే తెలిసిపోతుందన్న బెంగ నాకు లేదు కాబట్టి ఏదీ దాచకుండా చెప్పండి.

కృష్ణాతీరం:

మీ అన్నయ్యగారితో నేను ఏకీభవిస్తున్నాను. మొత్తం 14 సంపుటాలు, 40 లక్షలకు పైబడిన పదాలు ఉన్న ఈ రచనలో అభిమానులే ‘స్లాగ్’ (విసుగు పుట్టించే సాగతీత) అని పేరు పెట్టుకున్న భాగం మీరు అడిగినదే. ప్రధాన పాత్రలలో ఒకడైన పెరిన్ భార్య ఫాయీల్‌ను షాయిడో తెగవారు చెరపట్టిన తరువాత ఆమె విడుదల కోసం పదకొండవ సంపుటం దాకా ఆగాలి. ఈలోగా పెరిన్ బాధపడటం తప్ప కథలో కదలిక చాలా తక్కువ. యువరాణి ఎలేన్ ఆండోర్ రాజ్యపు సింహాసనం దక్కించుకునే వ్యవహారం కూడా అంతే సాగుతుంది. ఏ కుటుంబం ఎవరి పక్షాన నిలిచిందో, ఎవరి గౌను అంచుకు ఏ కుట్టుపని ఉందో గుర్తుపెట్టుకోవడానికే ఓపిక చాలదు.

అన్నిటికంటే పెద్ద లోపం పదవ సంపుటం ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్విలైట్’ నిర్మాణంలో ఉంది. తొమ్మిదవ సంపుటం చివర కథానాయకుడు రాండ్, మంత్రశక్తి గల నైనీవ్ కలిసి, మూడు వేల ఏళ్లకు పైగా మగవారి మంత్రశక్తిని పట్టి పీడించిన విషాన్ని కడిగివేస్తారు. కథ మొత్తానికీ అంతటి మలుపు మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ తరువాత ఏమైందన్న ఆత్రుతతో పదవ సంపుటం తెరిస్తే, రచయిత మనలను తిరిగి ఆ రోజుకే తీసుకువెళ్లి, దూరాన ఉన్న ఒక్కొక్క పాత్రా ఆ శక్తి వెల్లువను ఎలా పసిగట్టిందో, అదేమిటో తెలియక ఎలా కంగారుపడిందో చెప్పుకుంటూ పోతాడు. పాఠకుడికి తెలిసిపోయిన సంగతిని పాత్రలు ఊహిస్తూ ఉంటే చూస్తూ కూర్చోవడానికి అంత లావు పుస్తకం అవసరమా?

పాత పుస్తకాల సంచి:

కృష్ణాతీరం గారు పదవ సంపుటం నిర్మాణం గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే ఆ ఒక్క పుస్తకపు తప్పును మూడింటి మీదా రుద్దడం న్యాయం కాదు.

ఈ మూడు సంపుటాలకు చెడ్డపేరు వచ్చిన కాలాన్ని గమనించండి. మొదటి ఆరు సంపుటాలు 1990 నుంచి 1994 లోపే వచ్చాయి. ఏడవది 1996లో, ఎనిమిదవది 1998లో, తొమ్మిదవది 2000లో, పదవది 2003లో వెలువడ్డాయి. మీరు నిన్న ముగించిన పుస్తకంలో ఎబూ దార్ నగరం మీద శత్రువులు విరుచుకుపడినప్పుడు రాండ్ మిత్రుడు మాట్ మీద గోడ కూలింది గదా! 1996లో ఆ పుట చదివినవారు రెండేళ్లు ఆగి ఎనిమిదవ సంపుటం కొనుక్కుంటే, అందులో మాట్ ఎక్కడా కనిపించలేదు. అతడు ఏమయ్యాడో తెలియడానికి మరో రెండేళ్లు పట్టింది. అలా ఎదురుచూసి విసిగినవారు రాసిన విమర్శలే నేటికీ తరం నుంచి తరానికి అందుతున్నాయి. మీకు ఆ నాలుగేళ్ల నిరీక్షణ లేదు. నాలుగు వారాలలో మాట్ మీ ముందుకు వస్తాడు.

ఇక ఎనిమిదవ సంపుటం మిగతావాటి కంటే చిన్నదే గాక, అందులో రాండ్ కలాండోర్ అనే ఖడ్గాన్ని యుద్ధంలో వాడి, అది అదుపు తప్పగా తన సైనికులనే చంపుకునే ఘట్టం ఉంది. ఆ ఖడ్గంలోని లోపమే 14వ సంపుటంలో ముగింపుకు కీలకమవుతుంది. సారాంశంలో అది ఒక వాక్యం. పుస్తకంలో మాత్రం గెలుస్తున్నానన్న మత్తులో ఒక మనిషి మాట వినకుండా పోవడాన్ని మనం దగ్గరగా చూస్తాము.

అందరూ తిట్టే పదవ సంపుటంలో కూడా నాకు మరపురానివి రెండు ఉన్నాయి. మొదటిది సో హాబర్ అనే ఊరు. సేన ఆకలి తీర్చడానికి పెరిన్ అక్కడికి ధాన్యం కొనడానికి వెళతాడు. గోదాములలో ధాన్యం ఉంది గాని దానికి ముక్కపురుగు పట్టింది. ఊరివాళ్లు ఒళ్లూ బట్టలూ మట్టికొట్టుకుపోయి, ఎవరి నీడ చూసినా ఉలిక్కిపడుతున్నారు. చచ్చినవాళ్లు ఆ ఊళ్లో తిరుగుతున్నారు మరి. అంతటి భయంలోనూ ఆ ధాన్యాన్ని తూర్పారబట్టించి బస్తాలకెత్తించక తప్పదు, ఎందుకంటే వేల మందికి తిండి కావాలి. లోకం కూలిపోవడం అంటే ఏమిటో పది యుద్ధాలు చెప్పలేనంత స్పష్టంగా ఆ పురుగుపట్టిన ధాన్యం నాకు చెప్పింది. రెండవది, భార్య ఆచూకీ రాబట్టడానికి పెరిన్ ఒక బందీ చేతిని గొడ్డలితో నరికి, తరువాత ఆ గొడ్డలినే అక్కడ వదిలి వెళ్లిపోయే సన్నివేశం. గొడ్డలి పట్టాలా, సుత్తి పట్టాలా అని మొదటి నుంచి నలిగిన కమ్మరి యువకుడి కథ అక్కడికి చేరుతుంది. ముందున్న వందల పుటల విసుగు, నిద్రలేమి, నిస్సహాయత మనకూ అంటకపోతే ఆ దెబ్బ అంత బలంగా తగలదు.

నిశాచరుడు:

నేను ఒకే ఒక్క సంగతి కలుపుతాను. జోర్డాన్ 2007లో మరణించాడు. ఆయన భార్య, సంపాదకురాలు అయిన హ్యారియెట్ మెక్‌డూగల్ ఎంపిక చేసిన బ్రాండన్ శాండర్సన్, జోర్డాన్ వదిలి వెళ్లిన రాతలు, టిప్పణాల ఆధారంగా చివరి భాగాన్ని రాశాడు. ఒకే సంపుటం అనుకున్నది 2009 నుంచి 2013 మధ్య మూడు సంపుటాలయింది. అంటే ప్రధాన కథలో జోర్డాన్ స్వయంగా పూర్తిచేసినవి 11 మాత్రమే. వాటిలో మూడింటిని వదిలేస్తే, ఆయన చేతి నుంచి మీకు మిగిలేది ఇంకొక్క పుస్తకం. శాండర్సన్ కథను పరుగెత్తించాడు, ఒప్పుకుంటాను. పన్నెండవ సంపుటంలో అతడి మాట్ మాత్రం నాకు మాట్‌లా అనిపించలేదు.

అలాగని, కాలచక్రం మెల్లగా తిరుగుతుంది కనుక కథ కూడా మెల్లగానే నడవాలని కొందరు చేసే సమర్థనను నేను ఒప్పుకోను. యుగాలు, పునర్జన్మలు మనకు కొత్తవి కావు. ఈ చక్రానికి నాలుగుకు బదులు ఏడు యుగాలు, అంతే తేడా. ఎన్నో యుగాల కథను ఒక్క శ్లోకంలో ముగించిన పురాణాలు మనకు ఉండగా, ఆలస్యానికి తత్త్వాన్ని అడ్డుపెట్టడం దేనికి?

కృష్ణాతీరం:

సో హాబర్, గొడ్డలి, ఈ రెండూ గొప్పవే. నేనూ కాదనలేదు. కానీ ఆ రెండింటి కోసం వందల పుటల విసుగు అవసరమన్న వాదన ఏ బలహీన రచననైనా కాపాడేస్తుంది. పదకొండవ సంపుటం ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’లో ఇదే రచయిత ఎన్నో చిక్కుముడులను చకచకా విప్పగలిగాడంటే, ముందు సంపుటాలలో ఆ వేగం అసాధ్యమేమీ కాదన్నమాట.

పాత పుస్తకాల సంచి:

పదకొండవ సంపుటంలో విడిన ముడులు పడినది ఎక్కడ? పదవ సంపుటం చివరి అధ్యాయంలో మంత్రశక్తి గల యువతి ఎగ్వీన్ టార్ వాలన్ నగరపు రేవు గొలుసును విరగని పదార్థంగా మార్చే పనిలో పట్టుబడుతుంది. ఆ నగరంలో మంత్రశక్తి గల స్త్రీల పీఠమైన శ్వేతసౌధంలో బందీగా ఆమె సాగించే పోరాటమంతా, అంటే పదకొండు, పన్నెండు సంపుటాలలో అందరూ మెచ్చుకునే భాగం, ఆ రాత్రి నుంచే మొదలవుతుంది.

కొత్త చదువరి గారూ, ఎనిమిది, తొమ్మిది పూర్తిగా చదవండి. పదవదానిలో ఎలేన్ అధ్యాయాలను కావాలంటే వేగంగా తిప్పేయండి గాని, పెరిన్, ఎగ్వీన్ అధ్యాయాలలో ఒక్క పుట కూడా వదలవద్దు.

కృష్ణాతీరం:

ఎలేన్‌ను తిప్పేయమన్నారు కనుక, మీరూ దాటవేయడానికి అనుమతి ఇచ్చినట్టే. నేను ఆ జాబితాలోకి ఫాయీల్ బందిఖానా అధ్యాయాలను కూడా చేర్చమంటాను. అవి ఎందుకు ఉండాలో ఇక్కడ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.