థార్ ఎడారిలో పాముల ఫోటోలు: హుక్‌తో జరిపి తీయొచ్చా, తీయకూడదా?

వంశధార (గుణుపూర్)

గుణుపూర్, పర్లాకిమిడి కుర్రాళ్లం కొందరం వచ్చే వానాకాలంలో జైసల్మేర్ వెళ్లాలనుకుంటున్నాం. ఎడారి పాముల్ని వెతికి ఫోటోలు తీసుకోవడమే పని. మాలో ఇద్దరు ఇక్కడ ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి కొండవైపు వదిలేవాళ్లు, హుక్ (పామును ఎత్తే కొక్కెం కర్ర) పట్టడం బాగా తెలిసినవాళ్లు. బయల్దేరకముందే మాలో మాకు గొడవ మొదలైంది. ముళ్లపొద కింద పడుకున్న చిన్న పింజరను హుక్‌తో ఎత్తి, శుభ్రమైన ఇసుక తిన్నె మీద పెట్టి, సాయంత్రం వెలుగులో తీస్తే తప్పేంటని ఒకడు. దాని జోలికే వెళ్లకూడదని ఇంకొకడు. పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లే అలా తీస్తారు, మనకెందుకు పట్టింపులని మూడోవాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం కెమెరా

తీయొచ్చు, చేతకాని వాళ్లు కాకపోతే. పొద కింద, అడ్డం ముల్లు, నిలువు పుల్ల, మధ్యలో ఒక కన్ను. ఆ ఫోటో ఎవరికి పనికొస్తుంది? గంజాం జిల్లా పల్లెల్లో బడిపిల్లలకు పాముల ఫోటోలు చూపిస్తుంటాను. తల ఆకారం, ఒంటి మీద చారలు స్పష్టంగా కనబడితేనే వాళ్లు కట్లపాముకీ విషం లేని పాముకీ తేడా పట్టగలుగుతారు. తేడా తెలియకే జెర్రిపోతుల్ని కూడా కొట్టి చంపేస్తున్నారు. ఒక పామును అయిదు నిమిషాలు ఇబ్బంది పెట్టి తీసిన మంచి ఫోటో వంద పాముల్ని బతికిస్తుంది. పరిశోధకులు కూడా పట్టుకునే కదా పొలుసులు లెక్కపెడతారు!

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

కెమెరా గారూ, పిల్లలకు చూపించే మీ పని గొప్పది, అందులో సందేహం లేదు. కానీ తిన్నె మీద పెట్టి తీసిన ఫోటో పిల్లలకు అబద్ధం చెబుతుంది. ఎందుకంటానో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను థార్‌లో చూసిందంతా ఇందులోనే ఉంది.

అక్కడ పామును వెతకడం అంటే నిజానికి జాడ చదవడం. తెల్లవారాక, గాలి లేవకముందు తిన్నెల మీదికి వెళ్లాలి. ఎండెక్కి గాలి మొదలైందంటే రాత్రి రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. చిన్న పింజర ఒంటిని పక్కకు విసురుకుంటూ నడుస్తుంది కాబట్టి దాని జాడ ఒకే గీతగా ఉండదు. ఏటవాలుగా, ఒకదానికొకటి తగలకుండా వరసగా గీతలు పడతాయి. ఒక్కో గీత కొసన కొక్కెంలా చిన్న వంపు ఉంటుంది. రెండు తలల పాము జాడ వేరు, వెడల్పుగా ఒకే గాడి, కాసేపటికి ఇసుకలోకి దిగి మాయమవుతుంది. పింజర గీతల వెంట నిదానంగా వెళ్తే చాలాసార్లు ఒక జిల్లేడు మొదలుకో, అక్కడి వాళ్లు ఖీంప్ అనే పొదకో చేరతాం. అక్కడ గీతలు ఆగిపోతాయి, పాము కనబడదు. కింద పడుకుని చూస్తే అప్పుడు తెలుస్తుంది: ఒళ్లంతా ఇసుకలో కప్పుకుని కళ్లు, ముక్కు కొస మాత్రం పైకి పెట్టుకుని ఉంటుంది. నిలువు పాప, దాని చుట్టూ ఇసుక రంగులోనే కలిసిపోయిన కన్ను. కనురెప్పలు లేవు కాబట్టి ఆ కన్ను మూసుకోదు, మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఎడారిలో అది ఎలా బతుకుతుందో చూపించే ఫోటో అదే. పుల్ల అడ్డమున్నా పర్వాలేదు, ఆ పుల్ల దాని ఇంట్లోదే.

దాన్ని హుక్‌తో ఎత్తి తిన్నె మీద పడేస్తే ఏమవుతుంది? ఒంటిని చుట్టలు చుట్టుకుని, రంపపు పళ్లలాంటి పక్క పొలుసుల్ని ఒకదానితో ఒకటి రాపాడిస్తుంది. కాగిన నూనెలో తాలింపు వేసినట్టు చప్పుడు. తల ఎత్తి కాటుకు సిద్ధంగా ఉంటుంది. ఫోటో అదిరిపోతుంది, నిజమే. కానీ ఆ ఫోటోలో ఉన్నది భయపడ్డ పాము. పిల్లలు దాన్ని చూసి ఇది మీదికొచ్చే పాము అనుకుంటారు. మీరు పోగొట్టాలనుకున్న భయాన్ని మీ ఫోటోనే మళ్లీ పెంచుతుంది.

ఇక వేడి సంగతి. వేసవి మధ్యాహ్నం అక్కడ ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. పాము తన ఒంటి వేడిని నీడలోకీ, ఇసుక లోపలికీ జరుగుతూ సర్దుకుంటుంది. నీడ లేని చోట పెట్టి, పారిపోబోతే మళ్లీ హుక్‌తో వెనక్కి లాగుతూ ఉంటే మీ అయిదు నిమిషాలు దానికి ప్రాణం మీదికి రావచ్చు. వానలు పడేటప్పుడు అంత వేడి ఉండదనుకున్నా ఇంకో సంగతి ఉంది. మన దేశంలో ఈ పింజర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కడుపుతో ఉన్నదాన్ని హుక్ మీద వేలాడదీస్తున్నామేమో మనకు పైకి తెలియదు.

పరిశోధకుల మాట ఎత్తారు. వాళ్లు అనుమతి తీసుకుని, ఫలానా ప్రశ్నకు జవాబు కోసం పట్టుకుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, తరమడం కూడా వేటే. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కులో అడుగుపెట్టడానికే అనుమతి కావాలి. సరిహద్దు వైపు ఊళ్లకైతే మళ్లీ వేరే అనుమతి.

బరంపురం కెమెరా

మీరు జాడ గురించి రాసింది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ థార్‌లో సగం పాములు పగలు తిన్నెల మీద కాదు, రాత్రి తారు రోడ్డు మీద దొరుకుతాయి. తారు వేడి పట్టి ఉంచుతుంది, అందుకే వచ్చి పడుకుంటాయి. వెనక లారీ వస్తుంటే హుక్‌తో పక్కకు తీయనా, లేక తాకకూడదని చూస్తూ నిలబడనా? పక్కకు తీశాక రెండు ఫోటోలు కొడితే పాపమా?

రాయగడ సిస్టర్

తమ్ముళ్లూ, మీరు పాము గురించే మాట్లాడుతున్నారు, మనిషి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, పాముకాటు కేసులు చూస్తూనే ఉంటాను. ఒక అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుతో పోయారు. ఒడిశా, ఆంధ్ర, రాజస్థాన్ అన్నీ ఎక్కువ చావులున్న రాష్ట్రాలే.

మన దగ్గర దొరికే విరుగుడు ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు కలిపి చేసింది. దానికి వాడే విషం ఎక్కువగా చెన్నై దగ్గర 1978లో మొదలైన, పాములు పట్టే ఇరుళర్ తెగవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. అంటే దక్షిణాది పాముల విషం. థార్‌లో ఉండే చిన్న పింజర మన దక్షిణాది చిన్న పింజర కంటే బాగా పెద్దది, వేరే ఉపజాతి. 2007లో బికనీర్ డాక్టర్లు దాని కాటు కేసులు తీవ్రంగా ఉన్నాయని రాశారు. 2019లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు పరీక్షించి, ఈ ఇంజక్షన్లు సింధ్ కట్లపాము లాంటి అక్కడి పాముల విషం మీద సరిగా పనిచేయట్లేదని చూపించారు. ఆ సింధ్ కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. అందుకే రాజస్థాన్ పల్లెల్లో, ఛాతీ మీద కూర్చుని ఊపిరి తాగేసే పాము ఉందని నమ్ముతారు, పీవణా అంటారు.

కాబట్టి హుక్ పట్టడం వచ్చు అన్న ధైర్యంతో అక్కడికి వెళ్లకండి. ఇక్కడ మీరు పట్టేది వెలుతురున్న ఇంట్లో. అక్కడ చీకట్లో, కాలు దిగబడే ఇసుకలో. కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి, కాలూ చెయ్యీ కదపకుండా ఆసుపత్రికి చేర్చండి. అక్కడ శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తారు. చూడకపోతే చేయమని అడగండి. ఎంత దూరంలో పెద్దాసుపత్రి ఉందో ముందే కనుక్కుని, దానికి మించి లోపలికి పోకండి.

సిరోంచ గోదారి

అన్నలూ, ఒక మాట మర్చిపోతున్నరు. రెండు తలల పాము ఫోటో పెట్టేటప్పుడు ఫోనులో లొకేషన్ బంద్ చేయండి. అదృష్టం అనీ, మందు అనీ మా గడ్చిరోలి వైపు కూడా దాన్ని బరువు లెక్కన అమ్మజూపుతూ దొరికిపోయినోళ్లు ఉన్నరు. ఊరి పేరు, తిన్నె పేరు రాయకండి. జిల్లా పేరు చాలు.

వంశధార (గుణుపూర్)

సిస్టర్ చెప్పింది చదివాక మా ఇంట్లో టెన్షన్ ఎక్కువైంది, కానీ అవసరమైన మాటే. హుక్ తీసుకెళ్తాం, రోడ్డు మీద పాముల్ని తప్పించడానికి మాత్రమే. ఇది మావాళ్లలో ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకడు ఇంకా ఒప్పుకోలేదు. అక్కడి గైడు ఒకాయన ఫోన్‌లో మాట్లాడాడు. పాముకు ఇంత అని రేటు చెప్పాడు, ఎన్ని చూపిస్తే అన్ని డబ్బులు. ఇది సరేనా?

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

సరికాదు, ఆ బేరం వదిలేయండి తమ్ముడూ. పాముకు ఇంత అని మాట్లాడుకుంటే, మీరు వెళ్లేసరికి అతను రెండు మూడు పట్టి కుండలోనో సంచిలోనో పెట్టి ఉంచుతాడు. రాత్రి చీకట్లో ఒక పొద దగ్గర వదిలి, ఇదిగో దొరికింది అంటాడు. మీకు తెలియను కూడా తెలియదు. పాము ఒంటికి అంటిన ఇసుక రంగు, చుట్టూ ఉన్న ఇసుక రంగు కలవకపోతే, జాడ లేకుండా పాము మాత్రమే ఉంటే అనుమానించండి. రాత్రికి ఇంత అని కూలీ మాట్లాడండి, పాము కనబడినా కనబడకపోయినా ఆ డబ్బు ఇచ్చేయండి. ముందే ఇంకో మాట చెప్పండి, పామును ముట్టుకుంటే ఆ రాత్రి డబ్బులు లేవని.

కెమెరా గారి రోడ్డు ప్రశ్నకు: లారీ వస్తుంటే పక్కకు తీయాల్సిందే, అది బతికించడం. తీసి రోడ్డు దాటే వైపే పొదలోకి వదిలేయండి. వెళ్తుండగా తీసుకోండి ఫోటో, ఆపి కాదు.

బరంపురం కెమెరా

గైడు మాట నూటికి నూరుపాళ్లు నిజం. రోడ్డు విషయంలో మాత్రం నేను మీతో ఏకీభవించను. ప్రాణం కాపాడినందుకు ఒక అర నిమిషం ఆగమనే హక్కు నాకు ఉందనే అనుకుంటాను. బడిలో నేను చూపించాల్సిన పాముల్లో ఇంకా చాలావాటికి తల స్పష్టంగా కనబడే ఫోటో లేదు.