అడవి పసుపుకి ఆకులే తప్ప పువ్వు రావట్లేదు

పెద్ద చెట్టు కింద, పగలంతా నీడే ఉండే మూలలో రెండేళ్ల క్రితం నాలుగు అడవి పసుపు దుంపలు నాటాను. నర్సరీలో కొన్నవే, అడవిలో తవ్వినవి కావు. తొలకరి పడగానే మొలకలు సూదుల్లా పైకొస్తాయి, చూస్తుండగానే ఆకులు మోకాలెత్తు లేస్తాయి. పువ్వు మాత్రం లేదు! ఆ గులాబీ రంగు రేకుల మధ్య నుంచి పసుపుపచ్చటి పూలు తొంగిచూస్తాయనే కదా ఈ తంటా అంతా.

మొదటి చలికాలం ఆకులు ఎండిపోతే కంగారుపడి నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఒక దుంప మెత్తగా కుళ్లిపోయింది. అది నిద్రపోయే కాలమని తర్వాత తెలిసింది. నిరుడు నీళ్లు ఆపేశాను, మిగతా మూడూ బాగానే ఉన్నాయి.

నీడ మరీ ఎక్కువైందా? రెండు కొమ్మలు కొట్టి పొద్దుటి ఎండ తగలనివ్వాలా, లేక చెట్టు వేళ్లే సారమంతా లాగేస్తున్నాయా? దుంపలు కదపాలంటే భయం. పూయించినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.