మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఏఐ టెస్టింగ్‌కి మారాలంటే ముందు ఏది నేర్చుకోవాలి?

బెంగళూరులో పని. బ్యాంకింగ్ యాప్‌ల మాన్యువల్ టెస్టింగ్‌లో 7 ఏళ్ల అనుభవం. ఇప్పుడు యూజర్ స్టోరీ (యూజర్‌కి ఏం కావాలో చెప్పే చిన్న వివరణ) ఇస్తే చాలు, టెస్ట్ కేసులు ఏఐ టూలే రాసేస్తోంది. మాకు మిగిలింది సరిచూడటమే.

సెలీనియం (బ్రౌజర్ టెస్టులను ఆటోమేట్ చేసే టూల్), జావా నేర్చుకుని ఆటోమేషన్ ఉద్యోగాలకు అప్లై చేశాను. ఇంటర్వ్యూలో స్క్రిప్టుల వరకు బాగానే చెబుతున్నా. "చాట్‌బాట్ ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు రకాలుగా జవాబిస్తే పాసా, ఫెయిలా ఎలా తేలుస్తారు?" అన్న దగ్గర ఆగిపోతున్నాను. టెస్టర్ల సర్టిఫికేషన్ సంస్థ ఐఎస్‌టీక్యూబీ వాళ్ల ఏఐ టెస్టింగ్ సిలబస్ చదివితే విషయం అర్థమైంది గానీ పని చేతికి రాలేదు. ఈఎంఐ లెక్కల్లో, కేవైసీలో ఎక్కడ తేడా కొడుతుందో నాకు బాగా తెలుసు, ఆ అనుభవం వృథా పోకూడదని నా తాపత్రయం.

ఆఫీసయ్యాక రోజూ గంటన్నర దొరుకుతుంది. ఇలా మారినవాళ్లు చెప్పండి: నేరుగా పైథాన్‌తో ఎల్ఎల్ఎమ్ ఎవాల్యుయేషన్ (చాట్‌బాట్ల వెనక ఉండే భాషా మోడళ్ల జవాబులను అంచనా కట్టడం) మొదలుపెట్టాలా, లేక ముందు ప్లేరైట్ (సెలీనియం లాంటి మరో ఆటోమేషన్ టూల్) పూర్తిచేసి అటు వెళ్లాలా?